నీ వారం నాడు

3 ఫిబ్రవరి 2025, సోమవారం

సెకండియర్ తెలుగు మీడియంకి రివిజన్‌లో రోగనిరోధక వ్యవస్థ మళ్లీ చెప్పాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "శోథ" అని రాశాను. ముప్పై ఒక్క మందిలో పదకొండు మంది "శోధన" అని ఎక్కించుకున్నారు. చూసి రాయడం కూడా చేతకాదు. ఇరవై రెండేళ్లుగా శోథ అని చెబుతున్నాను, ఇరవై రెండేళ్లుగా వీళ్లు శోధనే రాస్తున్నారు.

శోథ అంటే ఒంట్లో మంట. దానికి అయిదు లక్షణాలు. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, పని చేయలేకపోవడం. వేలికి ముల్లు దిగితే ఏమవుతుందో చెప్పమంటే "రక్తమొస్తది మేడం" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. అక్కడున్న మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయనీ, రక్తనాళాలు వెడల్పయి గోడలు వదులై నీరు ఊరుతుందనీ, ఆ సందుల్లోంచి తెల్లకణాలు బయటికొచ్చి క్రిముల మీద పడతాయనీ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రాసుకున్నారు. రాసుకోవడం తప్ప వాళ్లకి వేరే పని లేదు.

స్టాఫ్ రూంలో సారంగపాణి సార్ చూర్ణం డబ్బా తెరిచి అందరికీ చూపిస్తున్నాడు. ఫిజిక్స్ చెబుతాడు, నమ్మేది మాత్రం చూర్ణాన్ని. "ఇమ్యూనిటీ పెంచుకోవాలె మేడం." పెంచుకుంటే మా అక్కలాగా అవుతారు సార్ అన్నాను. అర్థం కాలేదు. నవ్వి, డబ్బా మూత పెట్టుకున్నాడు.

అక్క రిపోర్టులు వచ్చాయి. అనుకున్నదే. కీళ్లవాతం, రుమటాయిడ్. సొంత కీళ్లనే శత్రువనుకుని దాడి చేస్తున్న ఇమ్యూనిటీ. ఆ చూర్ణం దీన్ని ఇంకా పెంచుతుందట.

5 ఫిబ్రవరి

అక్క మా ఇంటికి దసరాకి వచ్చింది. అంటే నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలూ పొద్దున్నే నాకు టీ ఇచ్చింది. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చేది. అదేదో మర్యాద అనుకున్నాను. గ్లాసు ఒక్క చేత్తో పట్టుకోలేకపోతోందని జనవరిలో రాజమౌళి చెప్పేదాకా నాకు తెలియలేదు. మా ఆయన పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఫారంలో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించే మనిషి. ఆయన కనిపెట్టాడు, జువాలజీ లెక్చరర్ కనిపెట్టలేదు. ఈ సంగతి నాలుగిళ్లలో చెప్పుకుని ఉంటాడు.

అక్క చెప్పాలి కదా. నోరుంది కదా. అడిగితే ఏమంది? "మిర్చి మంటనుకున్న."

ఎనుమాముల యార్డులో ముప్పై ఏళ్లు మిర్చి తొడిమలు తీసింది. వేళ్లు ఎర్రగా వాచి మండడం ఆమెకి కొత్త కాదు. పని మానేసి రెండేళ్లయింది, ఇంకా మిర్చి మంటేనట! మిర్చి ఘాటు వేలికి తగిలితే నిప్పు తగిలిందని నరం మోసపోతుంది, కడిగితే పోతుంది. ఇది కడిగితే పోయేది కాదు. ఆమెకి ఆ తేడా ఎవరు చెప్పాలి? చెప్పినా అర్థం కావాలి కదా.

6 ఫిబ్రవరి, గురువారం

హన్మకొండలో కీళ్ల డాక్టర్‌కి చూపించాం. సుధీర్ అట, ముప్పై అయిదు కూడా ఉండవు. రెండు గంటలు బయట కూర్చోబెట్టాడు. బయట ఉన్నవాళ్లంతా ఒకళ్లకొకళ్లు వైద్యం చెప్పుకుంటున్నారు. ఒకామె మోకాలికి ఉమ్మెత్తాకు కట్టుకుని డాక్టర్ దగ్గరికే వచ్చింది.

లోపల అక్కకి రోగం వివరించాడు. "మన ఒంట్ల పోలీసులుంటరమ్మా. వాళ్లు దొంగలను విడిచిపెట్టి ఇంటోళ్లనే కొడ్తాండ్రు." అక్క తల ఊపింది. ఈ పోలీసుల కథ ఎవడు మొదలుపెట్టాడో గాని డాక్టర్లందరూ ఇదే చెబుతారు. మంట పెట్టడం ఏ కణమైనా చేస్తుంది. ఆర్పడానికి వేరే కణాలున్నాయి, రెగ్యులేటరీ టి కణాలు. ఇక చాలు అని మిగతావాటికి చెప్పేవి అవి. అక్కలో పాడైంది ఆ చాలు అనడమే. దీంట్లో పోలీసులేరి? ఈ మాట నేను ఇంగ్లీషులో అంటే డాక్టర్ మొదటిసారి తలెత్తి చూశాడు. "మేడం లెక్చరరా? అయితే ఇంక మీకు చెప్పనక్కర లేదు" అన్నాడు. చీటీ నా చేతికే ఇచ్చాడు.

మిగతా గోలీలు రోజూ. పసుపుపచ్చది, మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కటే. ఆ మాట రెండుసార్లు అన్నాడు. నాకు రెండుసార్లు చెప్పడం దేనికి.

వచ్చేసరికి ప్రీఫైనల్ పేపర్ల కట్ట. ఇరవై పేపర్లు దిద్దాను. పన్నెండు శోధనలు. మధ్యలో అక్క వచ్చి పచ్చగోలి ఎప్పుడు వేసుకోవాలని అడిగింది. నీ వారం నాడు వేస్కో అన్నాను. పోయి వేసుకుంది, ఈరోజే ఆమె వారమట. సాయిబాబా. మంచిదే, మొదలైంది.

8 ఫిబ్రవరి

అక్క ఇవాళ ఒక్కపొద్దు. మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. రోగానికి మందు మింగాలి, దేవుడికి కడుపు మాడ్చాలి. ఏ దేవుడు అడిగాడో.

10 ఫిబ్రవరి, సోమవారం

మొన్నగాక మొన్న ఒక్కపొద్దు, ఇవాళ మళ్లీ ఒక్కపొద్దు. రాజన్న దేవుడికట. ఇట్లా ఉంటే మందేం పని చేస్తుందక్కా అని కసిరాను. "మందు ఏస్కుంటనే ఉన్న గద చెల్లె" అంది. ఏమన్నా అంటే మూతి ముడుచుకోవడం ఒకటి.

14 ఫిబ్రవరి

వేళ్ల వాపు దిగింది! కణుపులు కనబడుతున్నాయి. ఒంటి చేత్తో టీ ఇచ్చింది. మందు ఇంత తొందరగా పని చేయడం చూడలేదని రాజమౌళి అన్నాడు. ఆయన ఎన్ని మందులు చూశాడో. పైగా పొద్దున పొద్దున కాచి పోస్తున్న మిరియాల కషాయం వల్లేనని లోలోపల అనుకుంటున్నాడు. మొహం చూస్తే తెలుస్తుంది.

సారంగపాణి చూర్ణం కూడా ఒక డబ్బా మా ఇంట్లో తేలింది. ఎవరు తెచ్చారని అడగలేదు. అడగాల్సిన పనేముంది.

20 ఫిబ్రవరి

అక్క అన్నం వదిలేస్తోంది. నోట్లో మంట అంటుంది. చూశాను, నాలుక అంచుల్లో చిన్న పుండ్లు. ఈ మందుకి అది మామూలే. మామిడికాయ పచ్చడి మానెయ్యమన్నాను. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లున్న నాలుకకి ఇంత సుకుమారం ఎప్పుడొచ్చిందో.

"డాక్టర్‌కి ఫోన్ చేద్దామా" అన్నాడు రాజమౌళి. నోటి పుండ్లు మామూలే అని రెండోసారి చెప్పాను. "మామూలే అని డాక్టర్‌తోటే చెప్పిచ్చుకుందాం, జర తృప్తి ఉంటది" అన్నాడు. మీకు తృప్తి కావాలంటే కషాయం తాగండి అన్నాను. వెళ్లి అక్కకి మజ్జిగ చేశాడు.

22 ఫిబ్రవరి

మజ్జిగ కూడా మింగలేకపోతోంది. ఒక్కపొద్దు మాత్రం మానదు.

26 ఫిబ్రవరి, శివరాత్రి

ఉపవాసం వద్దన్నాను. ఉంది. ప్రాక్టికల్స్ మార్కుల పని తెమలలేదు, నేను వాదించలేదు. చెప్పినా వినే మనుషులైతే కదా.

1 మార్చి, శనివారం

దవాఖానలో బెడ్ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దున అక్క లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది, నూట మూడు. రాజమౌళి ఆటో తెచ్చాడు. రక్తం తీశారు. తెల్లకణాలు నాలుగు వేలన్నా ఉండాలి, తొమ్మిది వందలు ఉన్నాయి. డ్యూటీ డాక్టర్ రెండోసారి తీయమన్నాడు, ఎనిమిది వందల యాభై వచ్చింది.

కుడిచేతి వేలి కణుపు మీద చీరుకుపోయిన గాటు ఒకటుంది. నాలుగు రోజుల కిందట కొబ్బరికాయ కొట్టేటప్పుడు తగిలిందట. దాన్నే చూస్తూ కూర్చున్నాను. చుట్టూ ఎరుపు లేదు. వాపు లేదు. చీము లేదు. నాలుగు రోజుల గాయం ఇప్పుడే తెగినట్టు ఉంది. కీళ్లు చక్కగా సన్నగా ఉన్నాయి, ఇన్నేళ్లలో అక్క వేళ్లు ఇంత అందంగా ఎప్పుడూ లేవు. ఏ గాయం దగ్గరికీ రావడానికి లోపల ఎవరూ లేరు. మంట లేకపోతే మనిషి ఎట్లా పోతుందో నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు.

పచ్చగోలి ఎన్ని వేసుకున్నావమ్మా అని డ్యూటీ డాక్టర్ అడిగాడు. "వారం నాడే ఏస్కున్న సారూ. మూడు వారాలు." మూడు వారాలు, మూడు గోలీలు, సరిగ్గానే వేసుకుంది అని రాసుకున్నాడు. మరి కణాలు ఎందుకు పడిపోయాయో తెలియదట. డెంగీ టెస్ట్, ఇంకేవో టెస్టులు రాశాడు.

భయంగా ఉంది. ఎవరికి చెప్పాలి.

2 మార్చి

చూర్ణం వల్లే. ఇందులో సందేహం లేదు. ఆ డబ్బాల్లో ఏం కలుపుతారో ఆ దేవుడికి కూడా తెలియదు. ఇంటికెళ్లి చెత్తబుట్టలో పారేశాను. రాజమౌళి మెల్లగా "అది నేనే తాగుతాన, వదినెకియ్యలే" అన్నాడు.

అయితే డాక్టర్. మొదటిసారికే అంత డోసు రాశాడు. లేకపోతే మందుల షాపువాడు వేరే పట్టీ ఇచ్చి ఉంటాడు. నేను ఆ కవరు తెరిచి చూడలేదు, నాకు పేపర్లున్నాయి. ఒకటి తప్పయితే ఇంకొకటి. ఈ ఊళ్లో ఎవరి పని వాళ్లు చేస్తే సగం రోగాలుండవు.

డెంగీ లేదు. జ్వరం దిగలేదు. సూదుల మీద సూదులు. నోరు తెరవడం లేదు, పెదవుల లోపలంతా పుండ్లు.

3 మార్చి, సోమవారం

రాజమౌళి ఇంటికెళ్లి అక్క మందుల సంచి పట్టుకొచ్చాడు. పచ్చగోలీల పట్టీ తీసి నా ముందు పెట్టాడు. పదీ ఖాళీ. నాలుగే పోయి ఉండాలి.

అక్కనే అడిగాడు. పక్కన కూర్చుని, ఒక్కో మాటా ఆగి ఆగి అడిగాడు. అక్కకి పెదవులు సరిగా కదలడం లేదు, వేళ్లు చూపించి ముద్దముద్దగా చెప్పింది. మూడు వేళ్లు. "సోమారం. బేస్తారం. శనారం."

మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు కాదు. మూడు వారాలు. ఏడు రోజుల్లో మూడు రోజులు దేవుడికి పెట్టుకుంది. రాజన్నకి, సాయిబాబాకి, వెంకన్నకి. ప్రతి వారం నాడూ పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్కపొద్దు ఉండి, పచ్చగోలి మింగింది.

డాక్టర్ సుధీర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. విరుగుడు సూది ఉందట, దాంతో పాటు తెల్లకణాలు పెంచే సూది. మొన్ననే తెలిసుంటే మొన్ననే ఇచ్చేవాళ్లమన్నాడు. రెండు రోజులు ఒక్క మాట వల్ల పోయాయి.

వరండాలో రాజమౌళి అన్నాడు, "వారం నాడు ఏస్కోమని నువ్వే చెప్పినవట గద." నేనా? నేనెందుకు చెబుతాను? నేను వారానికోసారి అని చెప్పాను. స్పష్టంగా చెప్పాను. నూట మూడు జ్వరంలో ఉన్న మనిషి ఏదో అంటే మీరు పట్టుకొచ్చి నన్ను అడుగుతారా అన్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా చూశారు. ఆయన నా వైపు చూసి, టీ తేవడానికి వెళ్లాడు.

4 మార్చి

ఫిబ్రవరి ఆరో తారీఖు పేజీ చదివాను.

5 మార్చి

ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. ఇన్విజిలేషన్ వేశారు. మూడు గంటలు హాల్లో తిరిగాను. కాపీ కొట్టేవాళ్లని పట్టుకోవడం నా పని. ఒక్కళ్లనీ పట్టుకోలేదు, ఎవరి మొహమూ కనబడలేదు.

నీ వారం నాడు వేస్కో అన్నాను. నా రాతే. ఆ పేజీలో మందు గురించి నేను అక్కకి చెప్పినట్టు ఉన్నది ఆ ఒక్క ముక్క, అటూ ఇటూ పేపర్ల గొడవ. నేను తల ఎత్తి చెప్పానా లేదా అని కూడా గుర్తులేదు. ఎత్తి ఉండను. ఎనిమిదో తారీఖు ఒక్కపొద్దని రాశాను, పదో తారీఖు మళ్లీ ఒక్కపొద్దని రాశాను, ఆరో తారీఖు ఈరోజే ఆమె వారమట అని రాశాను. "మందు ఏస్కుంటనే ఉన్న" అని ఆమె చెప్పింది కూడా రాశాను. అన్నీ రాసి పెట్టుకున్నాను. పదకొండు మందికి చూసి రాయడం రాదని నవ్వినదాన్ని, నేను రాసుకున్నదే నాకు చదవడం రాలేదు.

సాయంత్రం దవాఖానకెళ్తే చిన్న డాక్టరమ్మ కేస్ షీట్ రాస్తోంది. "గోలీలు అట్ల ఏస్కోమని ఎవరు చెప్పిన్రమ్మా?" అక్క నా వైపు చూడలేదు. "ఎవ్వరు చెప్పలే బిడ్డా. నాకు సదువు రాదు. నాదే తప్పు." పేషెంట్ నిరక్షరాస్యురాలు, స్వంత పొరపాటు అని ఇంగ్లీషులో రాసింది. నేను చదివాను. రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నేను లెక్చరర్ని, నాకు నోరుంది.

నేనేమీ అనలేదు.

6 మార్చి

తెల్లకణాలు పదిహేడు వందలు.

7 మార్చి

రెండు వేల రెండు వందలు. జ్వరం తొంభై తొమ్మిది.

9 మార్చి, ఆదివారం

అక్క ఇవాళ తెరిపిగా మాట్లాడింది. గంజి తాగింది. వార్డులో ఆయమ్మ మొగిలమ్మకి తన ఊరూ, యార్డూ అన్నీ చెప్పేసింది. పక్క మంచం ఆమె పేరు, ఆమె కోడలి పేరు, కోడలి రోగం కూడా తెలుసు అక్కకి. తొమ్మిది రోజుల్లో ఆ వార్డులో నాకు ఒక్క మనిషి పేరు తెలియదు.

రాజమౌళి లేనప్పుడు అడిగాను. నోట్లో పుండ్లు అయినప్పుడు, ఇన్ని గోలీలు వేసుకోవచ్చా అని నన్ను మళ్లీ ఎందుకు అడగలేదు?

"అడుగుదామనే అనుకున్న."

మరి?

"మల్ల అడిగితె కసురుతవని." ఇటు చూడకుండా చెప్పింది. "నువ్వు పనిల ఉంటవ్. ఒక్కసారి చెప్పినంక మల్ల అడిగితె నీకు కోపమొస్తది చెల్లె. నాకు తెల్వదా?"

కోపం లేకుండా చెప్పింది, నాకు టీలో చక్కెర ఎంతో చెప్పినట్టు. నలభై ఏళ్లుగా నాతో ఎట్లా మసలుకోవాలో నేర్చుకుని పెట్టుకున్నదన్న మాట. అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు, ఆమెకి పదహారు. నాకు అన్నం పెట్టి బడికి పంపి కూలికి వెళ్లేది. అప్పుడు నేను ఒక్కో మాట ఎన్నిసార్లు అడిగేదాన్నో.

మూడు వారాలెందుకక్కా, ఒకటి సరిపోదా అన్నాను.

"సోమారం మీ బావ ఉన్నప్పటి నుంచి. శనారం అమ్మది, నేను పట్టిన. బేస్తారం నీదే." నాదేంటి? "నీకు నౌకరి రావాలని మొక్కిన. వచ్చింది. ఇడ్వబుద్ది కాలే."

బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఇరవై రెండేళ్ల ఒక్కపొద్దులు నా కోసం. వాటిని ఎవరడిగారని ఈ పుస్తకంలో వెక్కిరించాను. నా అంత నీచురాలు ఆ వార్డులో ఇంకొకరు లేరు. బయటికొచ్చేసరికి అక్క మొగిలమ్మతో నవ్వుతోంది.

14 మార్చి

డిశ్చార్జ్. కాగితంలో అదే వాక్యం. పేషెంట్ నిరక్షరాస్యురాలు, స్వంత పొరపాటు.

డాక్టర్ గదిలోకి వెళ్లి, ఇది మార్చండి, చెప్పింది నేను అన్నాను. ఎట్లా చెప్పానో కూడా చెప్పాను. నీ వారం నాడు అన్నానని, ఆమెకి మూడు వారాలున్నాయని. ఆయన వింటూ ఇంకో పేషెంటు ఎక్స్‌రే చూస్తున్నాడు. "ఇప్పుడు దాంతోని ఏముంది మేడం? ఎవరు చెప్పినా ట్రీట్‌మెంట్ ఒకటే. పాపం మీరు కావాలని చేసిన్రా." నా తప్పు ఆయనకి అక్కర్లేదు. ఎక్స్‌రే పక్కన పెట్టి నా మొహం చూస్తే బాగుండుననిపించింది. గట్టిగా నిలబడ్డాను. చివరికి పెన్ను తీసి ఒక ముక్క కొట్టేసి, సూచనలు అర్థం చేసుకోవడంలో పొరపాటు అని రాసిచ్చాడు. ఎవరు అర్థం చేసుకోలేదో రాయలేదు.

ఇంటికొచ్చి రాజమౌళితో, వారం నాడు వేస్కో అని చెప్పింది నేనే అన్నాను. "నాకు ఎర్కే" అన్నాడు. ఎప్పటి నుంచి? "ఆ రోజు నేను పక్క రూముల్నే ఉన్న. ఇన్న." మరి అప్పుడే ఎందుకు అనలేదు అని అరిచాను. ఆయన అక్క సంచి తీసుకుని లోపలికి వెళ్లాడు. అక్క చెప్పిన జవాబే ఆయనదీ అయి ఉంటుంది.

27 మార్చి

తెల్లకణాలు ఆరు వేలు. పూర్తిగా లేచాయి. వాటితో పాటు వేళ్లూ లేచాయి. రెండు మణికట్లూ ఎర్రగా, వేడిగా. పొద్దున గంట సేపు పిడికిలి మూయలేకపోతోంది.

అక్క టీ నాకు ఇవ్వడం లేదు. నేనే పెట్టుకుంటున్నాను. మొదటిరోజు ఆమెకి కూడా తీసుకెళ్లి ఇచ్చాను. "నీకెందుకు శ్రమ" అంది. పరాయి వాళ్లింట్లో అన్నట్టు అంది.

10 ఏప్రిల్, గురువారం

డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. వేళ్లు నొక్కి చూశాడు. పచ్చగోలే మళ్లీ మొదలుపెట్టాలన్నాడు, సగం డోసు, నెల నెలా రక్తపరీక్ష. లేకపోతే కీళ్లు వంకరపోతాయి, తరువాత ఎవ్వరూ తిన్నగా చేయలేరు. ఆ పేరు వినగానే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దంది. రెండుసార్లు వద్దంది. డాక్టర్ బలవంతపెట్టలేదు. ఈసారి గోలీలు ఆమె చేతికి ఇవ్వొద్దు, ఇంట్లో ఒకళ్లు బాధ్యత తీసుకుని వారానికి ఒక్కటి తీసిస్తేనే రాస్తానన్నాడు. ఎవరు తీసుకుంటారని నా వైపు చూశాడు.

నేను ఇస్తాను అన్నాను. ఈసారి కాలెండర్‌లో రాసి పెడతాను అన్నాను.

అక్క తన చేతులు చూసుకుంది. "మా మరిది ఇస్తె ఏస్కుంట సారూ" అంది.

"మేడం లెక్చరర్ కదమ్మా" అన్నాడు డాక్టర్, నన్ను గౌరవించడానికి.

"అవ్ సారూ. మంచిగ చెప్తది అందరికి. పోరగాండ్లందరు పాసయితరు." నా చెయ్యి మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది చెయ్యి. "ఏమనుకోకు చెల్లె. నాకు భయమైతాంది. భయమైనప్పుడు రెండుసార్లు అడుగుత. నీతోని కాదు."

చీటీ ఈసారి రాజమౌళి చేతికి వెళ్లింది. ఏ వారం పెట్టుకుంటారని డాక్టర్ అడిగితే అక్క ఆలోచించి "ఐతారం" అంది. ఆ రోజు ఆమెకి ఏ దేవుడూ లేడు.

దారిపొడవునా నాకు కోపంగానే ఉంది. ముందు డాక్టర్ మీద, తరువాత రాజమౌళి మీద, ములుగు రోడ్డు దగ్గరికొచ్చేసరికి కోపం తెచ్చుకోవడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

13 ఏప్రిల్, ఆదివారం

పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. రాజమౌళి స్నానం చేసి వచ్చి గోలి తీసుకుని అక్క గదిలోకి వెళ్లాడు. తలుపు తీసే ఉంది.

"ఇయ్యాల్నేనా మరిది?"

"ఇయ్యాల్నే వదినె. ఐతారం."

"ఒక్కటే గద?"

"ఒక్కటే."

నీళ్లు తాగిన చప్పుడు రాలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నట్టుంది.

"రేపు సోమారం. రేపు ఉండదు గద?"

"రేపు లేదు. ఎల్లుండి లేదు. మల్ల ఐతారమే."

"ఒక్కటే గద మరిది."

"ఒక్కటే వదినె."

నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఆయన గొంతు ఒకేలా ఉంది. మూడోసారికే నా నోటి దాకా వచ్చింది, ఎన్నిసార్లు చెప్పాలక్కా అని. స్టవ్ దగ్గర నిలబడి పెదవులు బిగబట్టుకున్నాను. అప్పుడు మింగింది.